ఇనప డబ్బాలో మ్యాకు

కోహ్కాలో ఆ ఇంటి టేబుల్ ఫ్యానుకి తెలిసినన్ని తిట్లు దుర్గ్ జిల్లా మొత్తమ్మీద ఇంకే ఫ్యానుకీ తెలీవు. నరసింగరావు భిలాయి ఉక్కు ప్లాంటులో రిటైరైన రోజున తోటోళ్ళంతా కలిసి ఇచ్చిన ఫ్యాను అది. ఆయన పోయినాడు, ఫ్యాను ఉండిపోయినాది. మెడ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుకుంటా, ఎవరేటి చెప్పినా "కాదు, కాదు" అన్నట్టే ఉంటాది.

ఆ ఫ్యానే ఆ ఇంట్లో పోస్టుమాన్. ఎందుకంటే నరసింగరావు కొడుకు యుగంధర్‌కీ, యుగంధర్ పెళ్ళాం భాగ్యరేఖకి సొంత అన్న రాజ్‌కిరణ్‌కీ మాటల్లేవు.

అదంతా ఒక షట్టరు వల్ల వచ్చినాది. రాజ్‌కిరణ్ సుపేలాలో కంప్యూటర్ల దుకాణం పెట్టినప్పుడు, చెల్లెలి మొగుడు హథ్‌ఖోజ్‌లో ఇనప పని చేస్తుంటే బయటోడి దగ్గరికెందుకని షట్టరు ఆయన చేతే చేయించినాడు. ముహూర్తానికి పంతులొచ్చినాడు, చుట్టాలొచ్చినారు, లడ్డూల బుట్టలొచ్చినాయి. షట్టరు మాత్రం పైకి రాలేదు. జానెడు లేచి అక్కడే ఆగిపోనాది. వేళ దాటిపోతాదని పంతులు బోర్లా పడుకుని ఆ సందులోంచి పాక్కుంటా లోనికెళ్ళి పూజంతా చేసీసినాడు. హారతి పళ్ళెం కింద నుంచి బయటికి తోసీసినాడు. మే నెల ఎండలో చుట్టాలంతా రోడ్డు మీద గొంతుక్కూచుని కళ్ళకద్దుకున్నారు.

అప్పుడు రాజ్‌కిరణ్ అందరి ముందూ అన్నాడు, "ఇది షట్టరు కాదండీ. మా బావ బుర్ర. ఎంత లాగినా పైకి లేవదు."

యుగంధర్ ఊరుకుంటాడేటి? "షట్టరు బాగానే ఉన్నాది. లాగినోడి రెక్కల్లోనే సత్తువ లేదు. మౌస్ పట్టుకునీ చేతులు మరి" అన్నాడు.

ఆ రోజు ఆ ఇద్దరూ చూసుకున్న చూపుకి భిలాయి-3 దాకా పాలు విరిగిపోనాయి. టీ కొట్లోళ్ళు ఆ పూటంతా నిమ్మకాయ టీయే అమ్ముకున్నారు. ఎవర్నన్నా అడగండి, అబద్ధమైతే.

అక్కడ్నుంచి మాటల్లేవు. గాని చెల్లెలి ఇల్లు కాబట్టి రాజ్‌కిరణ్ రాకుండా ఉండలేడు, సొంతిల్లు కాబట్టి యుగంధర్ పోకుండా ఉండలేడు. మొదట్లో ఇద్దరూ ముసలమ్మ గున్నమ్మ మీద పెట్టి మాట్లాడుకునీవోళ్ళు. యుగంధర్ తల్లి ఆవిడ. కొన్నాళ్ళు అటు మాట ఇటూ ఇటు మాట అటూ మోసి, ఒకరోజు మంచం మీంచి లేచి, "నాను మీ పోస్టాఫీసు కాదర్రా. ఆ ఫేనుకి సెప్పుకోండి. దానికీ మీకులాగే పనేటీ నేదు" అనీసినాది. తిట్టడానికన్నాది గాని, ఇద్దరూ దాన్నే పట్టుకున్నారు.

"ఫ్యానూ, ఆయనకి చెప్పు, గుమ్మానికడ్డంగా బండి పెట్టొద్దని."

"ఫ్యానూ, ఆయనకి చెప్పు, రోడ్డు వాళ్ళ బాబు కట్టించింది కాదని."

ఫ్యాను అటూ ఇటూ తల తిప్పీది. కాదు, కాదు.

వీళ్ళిద్దరి మధ్యా భాగ్యరేఖ. ముందు గదిలో ఒక పాత కంప్యూటర్ పెట్టుకుని పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తాది. ఆవిడ చేతి పని ఎలాంటిదంటే, అప్పగింతల్లో ఒక్క చుక్క కన్నీరు కార్చని పెళ్ళికూతురు కూడా భాగ్యరేఖ కట్ చేసిన వీడియోలో వెక్కి వెక్కి ఏడుస్తాది. ఒకాయన తన పెళ్ళి తనే మళ్ళీ చూసుకుని, ఇంత మంచి పిల్లనా చేసుకున్నాను అని విడాకుల కాయితాలు చింపీసినాడు.

పని అంత గొప్పదైనా పెద్ద పని రాలేదు. దుర్గ్‌లో బిందుప్రియ అని స్టూడియో ఆవిడ ఉన్నాది. సీజన్‌లో పెళ్ళిళ్ళన్నీ ఆవిడ చేతిలోవే. ఆవిడ దగ్గర పనంతా మ్యాక్ మీద నడుస్తాది. మామూలు కంప్యూటర్లో ఆ ఫైళ్ళు తెరుచుకోవు. భాగ్యరేఖ ఎన్నోసార్లు అడగ్గా అడగ్గా బిందుప్రియ ఒకరోజు ఫోన్ చేసినాది.

"ఆదివారం పొద్దున్న కోహ్కా మీదుగా వెళ్తాను. ఒక డిస్కు తెస్తాను. నీ మెషీన్ మీద తెరుచుకుని, ఆగకుండా ఆడితే సీజన్ పనంతా నీదే. తెరుచుకోకపోతే రాయపూర్‌లో ఒక కుర్రాడున్నాడు, వాడికిచ్చీస్తాను. మళ్ళీ నాకు ఫోన్ చెయ్యకు, దీదీ దీదీ అని."

"తెరుచుకుంటాది దీదీ" అన్నాది భాగ్యరేఖ. దగ్గర మ్యాక్ లేదు. కొనీ తాహతూ లేదు.

గాని ఒక దారున్నాది. మామూలు సామానే కొనుక్కుని, డబ్బాలో కట్టుకుని, దాని మీద మ్యాక్ సాఫ్ట్‌వేర్ నడిపించడం. దాన్ని హ్యాకింటాష్ అంటారు. చిక్కల్లా ఏటంటే, ఆ సాఫ్ట్‌వేర్ మహా పెంకిది. ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీవోడిలాగ ఒక్కొక్క పార్టునీ ఆపి గేట్‌పాస్ అడుగుతాది. పాస్ లేని పార్టు ఒక్కటున్నా ఆ ఒక్కదాన్నీ కాదు, మొత్తం షిఫ్టునే వెనక్కి పంపించీస్తాది. ఏ మదర్‌బోర్డు పనికొస్తాది, ఏ ప్రాసెసర్ పనికొస్తాది, ఏ వైఫై కార్డుకి పాసున్నాదని భాగ్యరేఖ నెలల తరబడి ఇలాంటివి కట్టినోళ్ళని ఇంటర్నెట్లో పట్టుకుని అడిగీ అడిగీ అన్నీ నోటికి నేర్చుకున్నాది. కూర తాలింపేస్తా వాటి నంబర్లు చెప్పుకునీది. గున్నమ్మ ఏదో కొత్త దేముడి స్తోత్రమనుకుని చేతులు జోడించీది.

పార్టులు అన్న ఇవ్వాలి. డబ్బా మొగుడు చెయ్యాలి. భాగ్యరేఖ ముందు అన్న దగ్గరికే బయల్దేరినాది.

సుపేలా దుకాణంలో రాజ్‌కిరణ్ కౌంటర్ వెనక కూచుని ఉన్నాడు.

"రావమ్మా రా. మీ ఇంజనీర్ గారు రాలేదా? వస్తే షట్టరు ఎత్తీవోడు."

"అన్నయ్యా, సామానుకొచ్చినాను. గొడవకి రాలేదు."

"ఆ ఇంట్లోంచి వచ్చి గొడవకి రాలేదంటావేటి" అని, అయినా లేచి ఒక్కొక్కటే తీసినాడు. బోర్డు, ప్రాసెసర్, మెమరీ. పాత మ్యాక్‌లోంచి ఊడదీసిన వైఫై కార్డు, భాగ్యరేఖ చెప్పినదే. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆఖర్న ఒక పచ్చ డబ్బా తెచ్చి టప్పున పెట్టినాడు.

"ఇదేటి?"

"గ్రాఫిక్ కార్డు. బొమ్మ తెర మీదికి రావద్దా నీకు?"

"నేనడిగింది ఎర్ర డబ్బా కార్డు. ఇది పచ్చది."

"మిరపకాయలు కొంటన్నావా రంగు చూసుకోడానికి? దీని కోసం గేములాడీ కుర్రోళ్ళు ఎగబడిపోతారు."

"ఎగబడిపోతే దీని మీద అంత దుమ్మేటన్నయ్యా?"

దుమ్మంటే మామూలు దుమ్ము కాదది. మెంతులు జల్లితే మూడో రోజుకి కూరకొచ్చీవి. రాజ్‌కిరణ్ చేత్తో తుడిచినాడు, దుకాణమంతా తుమ్ములే తుమ్ములు.

"కొత్త మ్యాక్ దీన్ని గుర్తుపట్టదు. తెర నల్లగా ఉండిపోతాది" అన్నాది భాగ్యరేఖ.

"ఎవడు చెప్పినాడు?"

"కట్టినోళ్ళు చెప్పినారు."

"యూట్యూబ్‌లో. నేనిక్కడ దుకాణం పెట్టుకుని కూచుంటే, ఎవడో గడ్డపోడు ఫోన్లో చెప్పింది వేదమా? అసలు ఈ వేషం ఎన్నాళ్ళు? ఆ యాపిల్ కంపెనీవోళ్ళు సొంత చిప్పులేసుకుంటన్నారు ఇప్పుడు. రేపో మాపో నీలాంటోళ్ళ మొహం మీద తలుపేసీస్తారు."

"వాళ్ళు తలుపేసీలోపల నా సీజన్ అయిపోతాది. ఎర్ర డబ్బా తియ్యి."

"అది వేరేవోళ్ళకి చెప్పినాను. ఇది తీసుకెళ్తే తీసుకెళ్ళు. లేదా మీ ఆయన చేత గ్రాఫిక్ కార్డు కూడా వెల్డింగ్ చేయించుకో."

భాగ్యరేఖ ఆ పచ్చ డబ్బా చేతిలోకి తీసుకున్నాది. గుమ్మం దగ్గర స్టూలు లాక్కుని కూచున్నాది. వచ్చినోళ్ళందరికీ ఆ పచ్చ డబ్బా చూపించడం మొదలెట్టినాది. "భయ్యా, యే మత్ లేనా, ఇది కొనొద్దు. నా సొంత అన్న నాకే అంటగడతన్నాడు. మీకేటి చేస్తాడో మీరే చూసుకోండి." మొదటోడు నవ్వినాడు. రెండోవోడు కొనడానికొచ్చిన ప్రింటరు కూడా అక్కడ పెట్టీసి వెళ్ళిపోయినాడు. ఆ తర్వాత సుపేలాలో ఎంత మాట పాకిపోనాదంటే, పెన్‌డ్రైవ్ కొనడానికొచ్చినోళ్ళు కూడా ముందు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని తుమ్మొస్తాదేమో చూస్తన్నారు.

రాజ్‌కిరణ్ మొహం మాడిపోయినాది. ఎర్ర డబ్బా తీసి కౌంటర్ మీద విసిరినాడు.

"పట్టుకెళ్ళు. నువ్వు నాకు చెల్లెలివి కావు, శనివి. ఒక్క మాట విను. దీన్ని బిగించీది నేను. ఆ షట్టర్ల చేతులు బోర్డు మీద పడితే, కాలిపోయినా నన్నడక్కు."

ఇంటికెళ్ళి చెప్తే యుగంధర్ పళ్ళెంలో చెయ్యి కడిగీసుకున్నాడు. "డబ్బా నాది. నా డబ్బాలో బోర్డు నేనే బిగిస్తాను. మీ అన్నని వీధిలో నిలబడి చూడమను."

"సరే. బోర్డు డబ్బాకి బిగించీది మీరు. తీగలు తగిలించీది అన్నయ్య" అన్నాది భాగ్యరేఖ. "ఇద్దరూ నోరు మూసుకుని చెయ్యండి. ఆదివారం పొద్దున్నకి నాకది నడవాలి. నడవకపోతే నేనీ పని మానీసి ఏ బళ్ళోనో ఆయాగా చేరిపోతాను. అప్పుడు మీ ఇద్దరికీ చల్లగా ఉంటాది."

శనివారం మధ్యాహ్నం డబ్బా వచ్చినాది.

బజార్లో దొరికీ రేకు డబ్బాలంటే యుగంధర్‌కి అసహ్యం. గట్టిగా ఊదితే ఎగిరిపోతాయంటాడు. అందుకని మందపాటి ప్లేటు ముక్కలు కోసి, అంచులు కలిపి, వెల్డింగ్ గీత కనపడకుండా అరగదీసి చేసినాడు. హథ్‌ఖోజ్ నుంచి తెచ్చిన ఆటో దారి పొడుగునా ముందు చక్రం గాల్లో పెట్టుకునే వచ్చినాది. డ్రైవరు హ్యాండిల్ తిప్పితే తిరగదు, బండి ఎటెళ్తే అటే. నలుగురు పట్టుకుని దింపీసరికి వీధిలో మంచినీళ్ళ కుళాయి ఎర్రనీళ్ళు కక్కినాది. పక్కింటి గోడ మీది పిల్లి అప్పట్నుంచి గోడెక్కడమే మానీసినాది.

"ఏటిరా ఇది, బీరువానా?" అన్నాది గున్నమ్మ.

"కంప్యూటర్ డబ్బా అమ్మా."

"దీన్లో ఏటి దాస్తారు? యుద్దమొస్తే మనమా?"

రాజ్‌కిరణ్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని, ఫ్యాను వైపు తిరిగినాడు. "ఫ్యానూ, ఆయనకి చెప్పు. దీన్లోకి గాలెళ్ళడానికి బెజ్జాలేవీ అని."

"ఫ్యానూ, ఆయనకి చెప్పు. వెనకాల ఉన్నాయి. కళ్ళజోడు తుడుచుకుంటే కనపడతాయని."

"ఫ్యానూ, బెజ్జాలు కాదవి. చీమలు కాపరం పెట్టుకునీ కన్నాలు."

"ఫ్యానూ, చీమలే నయమని చెప్పు. వాటికి పనొచ్చు."

ఫ్యాను ఇద్దరికీ తల అడ్డంగానే తిప్పినాది. భాగ్యరేఖ బోర్డు అట్టపెట్టె తెచ్చి మధ్యలో పెట్టినాది. రాజ్‌కిరణ్ విప్పి, బోర్డు తీసి పక్కన పెట్టి, పెట్టె అడుగున గుప్పెట పెట్టి ఏదో తీసినాడు. ఆ చెయ్యి అలాగే చొక్కా జేబు దాకా వెళ్ళి వచ్చినాది. భాగ్యరేఖ చూసినాది గాని, తాళం చెవులనుకున్నాది. యుగంధర్ కూడా చూసినాడు. అతనేటనుకున్నాడో మొహంలో తెలీలేదు.

యుగంధర్ బోర్డు కొలతలు ముందే తీసుకుని ప్లేటుకి కన్నాలు పెట్టి, మరలు కూడా కోసుకొచ్చినాడు. బోర్డుని ఆ ఇనప ప్లేటు మీద పరిచినాడు. అరచేత్తో అదిమినాడు. స్క్రూలు ఒక్కొక్కటీ బిగించినాడు. రైలు పట్టాలు కలిపీ ఫిష్‌ప్లేట్ బిగించినట్టు, చివర్న ఒక్కొక్క దానికీ ఒక గుక్క ఊపిరి బిగబట్టి మరీ తిప్పినాడు.

"చూసుకో రేఖా. కాయితం దూర్చు. దూరదు. గాలి కూడా దూరదు. దీన్నంటారు పనని."

భాగ్యరేఖ అన్న వైపు చూసినాది. "అన్నయ్యా, ఇలాగేనా?"

రాజ్‌కిరణ్ చెయ్యి చొక్కా జేబు మీదున్నాది. పెదాల మీద చిన్న నవ్వున్నాది. "నన్నడుగుతావేటమ్మా. బోర్డు బిగించీది ఆయనని నువ్వే కదా చెప్పినావు. నాది తీగల పని." తీగలు తగిలించినాడు. చాలా శ్రద్ధగా, పెళ్ళికూతురికి జడేసినట్టు తగిలించినాడు. ఎర్ర డబ్బా కార్డు గుచ్చినాడు. "అయిపోయినాది. నొక్కుకో."

భాగ్యరేఖ మనసులో ఉన్న దేవుళ్ళందరికీ దండం పెట్టి బటన్ నొక్కినాది.

ఏటీ అవలేదు.

మళ్ళీ నొక్కినాది. లోపల చిన్న పంకా ఒక్కసారి ఉలిక్కిపడినట్టు కదిలి, ఆగిపోనాది. తెర నల్లగా ఉన్నాది. ఇంకోసారి నొక్కితే ఆ కదలడం కూడా లేదు. ఆదివారం డిస్కు, బిందుప్రియ, రాయపూర్ కుర్రాడు, అన్నీ ఆ నల్ల తెరలో కనపడినాయి.

"ఫ్యానూ" అన్నాడు రాజ్‌కిరణ్, నింపాదిగా, "చెప్పు. షట్టరు మళ్ళీ లేవలేదని."

యుగంధర్ లేచినాడు. "ఫ్యానూ, చెప్పు. కుళ్ళిపోయిన సామాను తెచ్చి నా డబ్బాలో పడీసినాడని. చెల్లెలికి కూడా ముక్కిపోయిందే అమ్మీ రకమని."

"ఫ్యానూ, సామాను ఇచ్చీ ముందే దుకాణంలో పరీక్ష చేసినానని చెప్పు. కొలిమిలో పనిచేసీ చేతులు పడితే దేవుడు కూడా నడవడని చెప్పు."

"ఆడి దుకాణానికి ఎవడూ రావట్లేదంట కదా. తుమ్మొచ్చి చస్తన్నారంట కదా. అది కూడా చెప్పు ఫ్యానూ."

గొంతులెంత పెరిగిపోనాయంటే పైనించి సున్నం రాలి గున్నమ్మ నెరిసిన తల ఇంకా తెల్లబడినాది. పక్క వీధిలో ఎవరింట్లోనో కుక్కర్ కూత పెట్టబోయి మానీసినాది. రాజ్‌కిరణ్‌కి చెమటలు పట్టీసినాయి. జేబులోంచి రుమాలు లాగినాడు. రుమాలుతో పాటు ఒక చిన్న ప్లాస్టిక్ పొట్లం బయటికొచ్చి, నేల మీద పడి చిట్లిపోనాది. బంగారం రంగు బుల్లి బుల్లి ముక్కలు గదంతా దొర్లినాయి.

గున్నమ్మ ఒకటి తీసి కళ్ళ దగ్గర పెట్టుకున్నాది. "ఏటియి, ముక్కుపుడకలా?"

ఫ్యాను ఒక్కటే తిరుగుతున్నాది.

భాగ్యరేఖ ఆ ముక్క తీసుకున్నాది. ఇత్తడిది. ఒక కొసని మర, ఇంకో కొసని కన్నం. వీడియోల్లో చూసినవే. అవి అందరికీ తెలిసినవేనని ఎవరూ ఆగి చెప్పలేదు, తనూ ఆగి చూడలేదు. ఆ ముక్కని బోర్డు పక్కన పెట్టి చూసినాది. అప్పుడర్థమయినాది. ఇవి కాళ్ళు. బోర్డు కింద ఉండాల్సిన కాళ్ళు. బోర్డు వెనకంతా తళతళా మెరిసీ అతుకులే. అవి ఇనప ప్లేటుకి ఆనుకుంటే కరెంటు దారి తప్పి ప్లేటులోకి పోతాది. గాలి కూడా దూరకుండా బిగించిన చోట గాలే కావాలి.

"అన్నయ్యా. ఇవి నీ జేబులో ఎందుకున్నాయి?"

"పెట్టెలోవి. ఎక్కడ పడిపోతాయోనని పెట్టుకున్నాను."

"ఆయన బోర్డుని ఇనుం మీద అదిమీసి బిగిస్తుంటే నువ్వు చూస్తున్నావు. ఇవి జేబులో పెట్టుకుని."

"నన్నెవరడిగినారు? అడిగితే చెప్పీవోణ్ణి."

"నేనడిగినాను. ఇలాగేనా అని."

"నువ్వడిగినావు. ఆయనడగాలి" అన్నాడు రాజ్‌కిరణ్. "ఆయన నోరు తెరిచి, బావా ఇదెలాగ అని ఒక్క మాట అడగాలి. పంతులుని పొట్ట మీద పాకించిన రోజునించీ చూస్తున్నాను, అడుగుతాడేమోనని."

భాగ్యరేఖ మొగుడి వైపు తిరిగినాది. యుగంధర్ గోడకేసి చూస్తున్నాడు.

"మీరేటి మాట్లాడరు?"

"ఏటి మాట్లాడేది."

"అన్నయ్య పెట్టెలోంచి తీసి జేబులో వేసుకోవడం మీరు చూసినారు. నేనూ చూసినాను. నేను తాళాలనుకున్నాను. మీరేటనుకున్నారు?"

యుగంధర్ స్క్రూడ్రైవర్ తుడుచుకున్నాడు. "బోర్డు కింద ఏదో ఉంటాదని తెలుసు. అంత చేతకానోణ్ణి కాదు. దాసినాడని కూడా తెలుసు. చెప్తాడేమో చూద్దామని బిగించినాను. ఒక్కొక్క స్క్రూకీ ఆగినాను. చెప్పలేదు. ఆడు చెప్పకపోతే నేనెందుకడగాలి?"

అదీ సంగతి. ఒకడు నోరు విప్పితే ఓడిపోతానని, ఇంకొకడు అడిగితే ఓడిపోతానని. మధ్యలో కాలిపోయేది భాగ్యరేఖ బోర్డు, భాగ్యరేఖ సీజను.

ఆవిడ అరవలేదు. అరిచుంటే ఇద్దరికీ బాగుండీది. "లేవండి. ఇద్దరూ లేవండి. అరుగు మీదికి నడవండి" అన్నాది.

"రేఖా, ఆ కాళ్ళు పెట్టి మళ్ళీ..."

"మీ చెయ్యి ఇంక దీని మీద పడకూడదు. నీ చెయ్యి కూడా అన్నయ్యా. జేబుల్లో ఇంకేటన్నా ఉంటే అవి కూడా దులిపి వెళ్ళు."

"ఇది నా ఇల్లు" అన్నాడు యుగంధర్.

"అవును. బయట అరుగు కూడా మీదే. అక్కడ కూచోండి."

ఇద్దర్నీ గుమ్మం దాటించి గడియ పెట్టీసినాది. స్క్రూడ్రైవర్ తీసుకుని కూచున్నాది. యుగంధర్ ఎంత గట్టిగా బిగించినాడంటే మొదటి స్క్రూ ఊడీసరికి ఇల్లంతా ఒకసారి కిర్రుమని తిరిగినట్టయినాది. అన్నీ తీసినాది. బోర్డు ఎత్తి వెనకాల వాసన చూసినాది. కాలిన వాసన లేదు. ఆశ పుట్టినాది గాని, దాన్ని గట్టిగా నమ్మడానికి భయమేసినాది.

ఆ ఇనప డబ్బాలో మళ్ళీ పెట్టడానికి మనసొప్పలేదు. గదంతా కలయజూసినాది. గున్నమ్మకి అర్థమయిపోయి, తను భోజనానికి కూచునీ కర్ర పీట కాలితో ఇటు తోసినాది.

"సెక్క మీద పెట్టుకోవే. సెక్కకి కరెంటు పట్టదు. మీ మావ ప్లాంటుకెల్లినోడే, నాకా మాత్రం తెల్దా."

"మరి నువ్వు దేని మీద కూచుంటావత్తా?"

"ఈ బీరువా మీద కూకుంటాను. నాను మూడు జన్మలు ఎక్కినా ఇరగదు."

భాగ్యరేఖ పీటని తుడిచి, పసుపు మరకల మధ్యన ఇత్తడి కాళ్ళు దిగ్గొట్టి, బోర్డుని దాని మీద నిలబెట్టినాది. తీగలు తనే చూసి చూసి తగిలించినాది. మ్యాక్ సాఫ్ట్‌వేర్ ముందే ఎక్కించి ఉంచుకున్న పెన్‌డ్రైవ్ గుచ్చినాది. ఫ్యానుని తెచ్చి ఎదురుగా పెట్టినాది. ఫ్యాను అలవాటు కొద్దీ మెడ తిప్పబోయినాది. వెనకాల మీట నొక్కి దాని మెడ ఆపీసినాది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఫ్యాను ఒకే వైపు చూడడం అదే మొదలు.

బటన్ నొక్కినాది.

పంకా తిరిగినాది. ఆగలేదు. తెర మీద తెల్ల అక్షరాలు వరసగా పరుగెత్తినాయి, ఆవిడ కళ్ళకి ఒక్కొక్క పార్టూ గేట్‌పాస్ చూపించుకుంటా లోనికెళ్తున్నట్టు. బోర్డు వెళ్ళినాది, ప్రాసెసర్ వెళ్ళినాది. ఎర్ర డబ్బా కార్డు దగ్గర ఒక్క క్షణం ఆగి, తెర నల్లబడినాది. తర్వాత ఆ నలుపు మధ్యలోంచి తెల్లగా కొరికిన యాపిల్ పండు పైకొచ్చినాది.

గున్నమ్మ కళ్ళు చికిలించి చూసినాది. "పండెవులో ఎంగిలి సేసినారు."

"అత్తా, అదే కావాల్సింది" అన్నాది భాగ్యరేఖ.

ఆదివారం పొద్దున్న బిందుప్రియ కారు ఆగీసరికి అరుగు మీద రాజ్‌కిరణ్ ఆ చివర, యుగంధర్ ఈ చివర కూచుని ఉన్నారు. రాజ్‌కిరణ్ తెల్లారీసరికే వచ్చీసినాడు. ఇద్దరి మధ్యా నలుగురు పట్టీ జాగా ఉన్నాది. ఆవిడ ఇద్దర్నీ దాటుకుని లోనికెళ్ళి, పీట మీద ఒంటి మీద గుడ్డ లేనట్టున్న బోర్డునీ, ఎదురుగా ఫ్యానునీ చూసి ఆగిపోయినాది.

"ఇదేటిది? కంప్యూటరా, వంట సామానా?"

"మీ డిస్కు ఇవ్వండి దీదీ."

"దీని మీద పెడితే నా డిస్కుకి పసుపంటుకుంటాది."

"అంటుకోదు. ఇవ్వండి."

డిస్కు పెట్టినాది. ప్రాజెక్టు తెరుచుకున్నాది. ఏదో పెద్దింటి పెళ్ళి. ఏనుగు మీద పెళ్ళికొడుకు, డ్రోన్‌లు, మంటలు చిమ్మీ గొట్టాలు. ఎక్కడా ఆగకుండా నీళ్ళల్లే ఆడినాది. ఫ్యాను గాలికి తెరలో పెళ్ళికూతురి కొంగు ఎగిరినట్టు కూడా అనిపించినాది. బిందుప్రియ ముందుకీ వెనక్కీ లాగి చూసినాది, కావాలని రెండు మూడు వీడియోలు కలిపి ఒకేసారి ఆడించినాది. తప్పు దొరికితే బాగుణ్ణన్నట్టు చూసినాది. దొరకలేదు.

"ఎవరు కట్టినారు దీన్ని?"

గుమ్మంలోంచి రెండు గొంతులు ఒకేసారి, "నేను" అన్నాయి.

భాగ్యరేఖ అటు తిరగలేదు. "వాళ్ళతో నాకు మాటల్లేవు దీదీ" అన్నాది. "కట్టింది నేను. పీట మా అత్తది."

బిందుప్రియ సంచిలోంచి ఇంకో రెండు డిస్కులు తీసి పీట పక్కన పెట్టినాది. "పదిహేనో తారీకుకి మొదటిది కావాలి. ఆలస్యమైతే రాయపూర్ కుర్రాడు ఎక్కడికీ పోలేదు" అనీసి, మెచ్చుకోకుండానే వెళ్ళిపోయినాది. భాగ్యరేఖ వెంటనే పనిలో పడిపోయినాది.

ఇనప డబ్బాని గున్నమ్మ అరుగు మీదికి ఈడ్పించినాది. మధ్యాహ్నం అన్నం కూడా దాని మీద కూచునే తిన్నాది. ఆవిడ లేచి చెయ్యి కడుక్కోడానికి వెళ్ళినాది. ఆ ఇద్దరి మధ్యా డబ్బా ఒక్కటే మిగిలినాది. రాజ్‌కిరణ్ లోనికి తొంగి చూసినాడు. ఫ్యాను అటు తిరిగి బోర్డుకి గాలి విసురుతున్నాది, ఇంక మెడ తిప్పదు. యుగంధర్ కూడా చూసినాడు.

రాజ్‌కిరణ్ ఆఖరికి డబ్బా మీద వేళ్ళతో కొట్టినాడు. అది గుడి గంటలాగ మోగినాది.

"డబ్బా, ఆయనకి చెప్పు" అన్నాడు, "అంతా ఆయన వల్లేనని."

యుగంధర్ ఈ వైపు నుంచి పిడికిలితో గుద్దినాడు. అది ఇంకా గట్టిగా మోగినాది.

లోపల భాగ్యరేఖ లేచి, కిటికీ రెక్కలు దగ్గరకి లాగి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టీసుకున్నాది.